కొత్త కంప్యూటర్ పాఠాలు – 4: నెట్ ఎక్కడ ఆగింది?

పోయిన పాఠంలో కంప్యూటర్‌ని వైఫైకి కలిపాం. చాలామందికి ఆ పని అక్కడితో అయిపోయి ఉంటుంది. కొందరికి మాత్రం వైఫై కలిసినట్టే కనిపిస్తుంది, బ్రౌజర్‌లో ఒక్క పేజీ కూడా రాదు. కొన్న వారానికే మెషిన్ పాడైందేమోనని టెన్షన్ మొదలవుతుంది. ఈ పాఠం ముఖ్యంగా వాళ్ల కోసం. నెట్ బాగా వస్తున్నవాళ్లూ చదవండి, ఎందుకంటే చివర ఉన్న అభ్యాసం నెట్ పనిచేస్తున్నప్పుడే చేయాలి.

నెట్ రాకపోతే సెట్టింగ్స్‌లోకి వెళ్లి కనిపించినవన్నీ మార్చేయడం చాలామందికి అలవాటు. అలా చేస్తూ ‘నెట్‌వర్క్ రీసెట్’ కూడా నొక్కేస్తారు. దాంతో వైఫై పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాలి, వీపీఎన్ (మన నెట్‌ని ఇంకో సర్వర్ గుండా పంపే ప్రోగ్రామ్) ఉంటే మళ్లీ పెట్టుకోవాలి, అసలు తప్పు ఎక్కడుందో మాత్రం తెలియదు. దయచేసి దాన్ని ఆఖరికి వదిలేయండి. ఇప్పుడు మనం ఏదీ మార్చబోవడం లేదు, ఎక్కడ ఆగిందో కనుక్కుంటాం. కంప్యూటర్ నుంచి రౌటర్, రౌటర్ నుంచి నెట్ కంపెనీ, అక్కడి నుంచి బయటికి: ఇదీ దారి. దగ్గర నుంచి దూరానికి వెతుక్కుంటూ వెళ్దాం.

ముందు ఫోన్‌తో చూడండి

అదే వైఫైలో ఉన్న ఫోన్‌లో ఏదైనా పేజీ తెరవండి. తెరిచే ముందు ఫోన్‌లో మొబైల్ డేటా తప్పకుండా ఆపండి. ఆపకపోతే వైఫైలో నెట్ లేకపోయినా ఫోన్ తన డేటాతో పేజీ చూపించేస్తుంది. ‘ఫోన్‌లో వస్తోంది కాబట్టి కంప్యూటర్‌దే తప్పు’ అనుకుని గంటలు పోగొట్టుకునేది ఇక్కడే.

ఫోన్‌లోనూ రాకపోతే కంప్యూటర్ జోలికి పోకండి. రౌటర్ లైట్లు చూడండి. ఫైబర్ కనెక్షన్ అయితే ‘ఎల్ఓఎస్’ అనే లైటు ఎర్రగా ఉందంటే బయటి సిగ్నల్ ఇంట్లోకి రావడం లేదని అర్థం. సన్నటి ఫైబర్ తీగ ఎక్కడైనా మడతపడిందేమో చూడండి. లోపల ఉన్నది గాజు, గట్టిగా వంచితే పాడవుతుంది. దాన్ని ఊడదీసి కొనను కంటికి ఎదురుగా పెట్టి చూడటం మాత్రం అస్సలు చేయకండి, అందులో లేజర్ వెలుగు వస్తుంది, మన కంటికి అది కనిపించదు. ఈ ఎర్ర లైటు బాగుచేయాల్సింది నెట్ కంపెనీవాళ్లే.

ఫోన్‌లో వచ్చి కంప్యూటర్‌లో రాకపోతేనే ముందుకు రండి.

కంప్యూటర్‌ని మూడు ప్రశ్నలు అడగండి

స్టార్ట్ నొక్కి ‘సీఎండీ’ అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. నల్లటి కిటికీ తెరుచుకుంటుంది. భయపడకండి, ఇప్పుడు కొట్టబోయేవి సమాచారం చూపిస్తాయంతే, దేన్నీ చెరపవు.

మొదట ‘ఐపీకాన్ఫిగ్’ అని ఇంగ్లిష్‌లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. వచ్చినదాంట్లో ‘ఐపీవీ4 అడ్రస్’ అనే వరుస వెతకండి. ఇళ్లలో అది ఎక్కువగా 192.168తో మొదలవుతుంది, కొన్నిచోట్ల 10తో. అలా ఉంటే రౌటర్ మీ కంప్యూటర్‌కి నంబర్ ఇచ్చినట్టే.

169.254తో మొదలైతే మాత్రం దొంగ దొరికినట్టే. కంప్యూటర్ నంబర్ అడిగింది, రౌటర్ నుంచి జవాబు రాలేదు, ఇక చేసేది లేక విండోస్ తనే ఒక నంబర్ పెట్టుకుంది. రౌటర్ స్విచ్ ఆపి అర నిమిషం ఆగి మళ్లీ వేయండి, లైట్లు నిలకడగా వెలిగేదాకా ఆగండి. అప్పటికీ మారకపోతే వైఫై పేరు మీద ‘ఫర్గెట్’ నొక్కి, పాస్‌వర్డ్‌తో మళ్లీ కలపండి.

వైఫై వరుసే కనిపించకపోతే డ్రైవర్ (వైఫై భాగాన్ని విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రామ్) లేదని అనుమానించాలి. విండోస్ కొత్తగా వేసిన మెషిన్లలో ఇది మామూలే. డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి! ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేస్తే ఈ చిక్కు తీరుతుంది.

రెండో ప్రశ్న రౌటర్‌కి. ఐపీకాన్ఫిగ్ చూపించిన ‘డిఫాల్ట్ గేట్‌వే’ నంబరే మీ రౌటర్ చిరునామా. ‘పింగ్’ అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబర్ కొట్టండి. విండోస్ నాలుగుసార్లు పలకరిస్తుంది. ‘రిప్లై’ అని ఆ నంబర్ నుంచే వస్తే దారి బాగుంది. ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ అని వస్తే రౌటర్‌కీ మీకూ మధ్యే తేడా ఉంది. వైఫై అయితే రౌటర్‌కి దగ్గరగా వెళ్లి చూడండి, కేబుల్ అయితే రెండు కొసలూ టక్కుమనేదాకా నొక్కండి.

మూడోది బయటి ప్రపంచానికి. పింగ్ 8.8.8.8 అని కొట్టండి. ఇది గూగుల్ అందరికీ తెరిచి ఉంచిన డీఎన్ఎస్ సర్వర్, అంటే సైటు పేరు చెబితే దాని నంబర్ చెప్పే కంప్యూటర్. రౌటర్ పలికి ఇది పలకకపోతే, ముందు మీ కంప్యూటర్‌లో వీపీఎన్ ఆన్‌లో ఉందేమో చూసి ఆపండి. అదీ కాకపోతే నెట్ కంపెనీకి ఫోన్ చేసి, ‘నెట్ రావట్లేదు’ అనకుండా, ‘రౌటర్ దాకా పింగ్ వెళ్తోంది, 8.8.8.8కి వెళ్లడం లేదు’ అని చెప్పండి. అవతలివాళ్లు వెంటనే అసలు విషయంలోకి వస్తారు.

నంబర్ పలికి, పేరు పలకకపోతే

8.8.8.8 పలుకుతుంది, పింగ్ తర్వాత గూగుల్ డాట్ కామ్ అని కొడితే దొరకలేదంటుంది. అంటే నెట్ ఉంది, పేరుని నంబర్‌గా మార్చే డీఎన్ఎస్ పనిచేయడం లేదు. సెట్టింగ్స్‌లో మీ వైఫై వివరాల్లోకి వెళ్లి డీఎన్ఎస్‌ని ‘మాన్యువల్’ చేసి, ఐపీవీ4 దగ్గర 8.8.8.8, రెండోదిగా 1.1.1.1 ఇవ్వండి. ఈ పాఠంలో మనం మార్చిన మొదటి సెట్టింగ్ ఇదే, పాతది ఏముందో ముందు కాగితం మీద రాసుకోండి.

పేరూ పలికి, బ్రౌజర్ మాత్రం ‘కనెక్షన్ సురక్షితం కాదు’ అని ప్రతి సైటుకీ మొండికేస్తే, గడియారం చూడండి. నేనొకసారి కొత్త కంప్యూటర్ ముందు సాయంత్రమంతా కూర్చుని బ్రౌజర్‌ని రెండుసార్లు తీసేసి మళ్లీ వేశాను. తీరా చూస్తే తేదీ కొన్నేళ్లు వెనక్కి ఉంది. ప్రతి సురక్షిత సైటు సర్టిఫికెట్‌కీ (ఆ సైటు అసలుదేనని చూపే గుర్తింపు పత్రానికి) మొదలు, గడువు తేదీలుంటాయి. కంప్యూటర్ తేదీ వాటి మధ్యలో లేకపోతే బ్రౌజర్ నమ్మదు. తేదీ సరిచేయగానే అన్నీ తెరుచుకున్నాయి. అప్పటి నుంచి కొత్త మెషిన్ ఆన్ చేయగానే నేను చూసేది తేదీ, సమయం, టైమ్ జోన్.

అభ్యాసం

నెట్ బాగున్న ఈ రోజే ఐపీకాన్ఫిగ్ కొట్టి మీ ఐపీవీ4 అడ్రస్, డిఫాల్ట్ గేట్‌వే కాగితం మీద రాసి రౌటర్ కింద పెట్టుకోండి. పింగ్ 8.8.8.8 కొట్టి ఎన్ని మిల్లీసెకన్లు వచ్చిందో కూడా రాయండి. నెట్ నెమ్మదించినప్పుడు ఏం చేయాలో వచ్చే పాఠంలో చూస్తాం, ఆ అంకె అప్పుడు కావాలి. తర్వాత కావాలనే వైఫై ఆపి, ఇవే కమాండ్లు మళ్లీ కొట్టండి. ఏ వరుస మారిందో, ఏ మాట కొత్తగా వచ్చిందో అదే కాగితం మీద పక్కన రాయండి.