గేదె పడ్డ ఎదకు రావట్లేదా? సూదికి ముందు ఇవి చూడండి

ముర్రా జాతి పడ్డ (ఇంకా ఈనని ఆడ గేదె) మూడేళ్లు దాటినా ఎదకు రావట్లేదని వెంటనే హార్మోన్ సూదులకి పరిగెత్తకండి, ముందు బరువు చూడండి, 250 కిలోలన్నా లేకపోతే ఏ సూదీ సరిగ్గా పనిచేయదు. నట్టల మందు తాగించి రెండు నెలలు పచ్చిమేత, దాణా, రోజూ 30-50 గ్రాముల మినరల్ మిక్చర్ పెట్టండి, చాలా పడ్డలు దీనికే ఎదకొస్తాయి.

అప్పటికీ రాకపోతే డాక్టర్‌తో అండాశయాలు చెక్ చేయించండి. అవి ఇంకా పనిచేయట్లేదంటే ప్రొజెస్టిరాన్ హార్మోన్ ఉన్న సిడార్ అనే చిన్న పరికరాన్ని వారం పైన యోని లోపల ఉంచి, తీసేటప్పుడు పీఎంఎస్‌జీ (అండం పెరగడానికి ఇచ్చే హార్మోన్) సూది ఇస్తారు, రెండు మూడు రోజుల్లో ఎద కనపడాలి. మూగ ఎద (అండాశయాలు పనిచేస్తున్నా ఎద లక్షణాలు పైకి కనపడకపోవడం) అయితే ఓవ్‌సింక్ అనే సూదుల వరుస: జీఎన్ఆర్‌హెచ్ (అండం విడుదలయ్యేలా చేసే హార్మోన్), 7 రోజులకి ప్రోస్టాగ్లాండిన్ (మళ్లీ ఎదకు తెచ్చే హార్మోన్), ఇంకో 2 రోజులకి మళ్లీ జీఎన్ఆర్‌హెచ్, ఆ తర్వాత 16-20 గంటలకి ఏఐ (కృత్రిమ గర్భధారణ). చూడి లేదని తేల్చుకోకుండా ప్రోస్టాగ్లాండిన్ మాత్రం అస్సలు వేయించొద్దండి, చూడి ఉంటే ఈసుకుపోతుంది (గర్భం పోతుంది).