పెద్దవాళ్లు పడ్డాక చూపు పరీక్షించే పద్ధతి

ఇంట్లో పెద్దవాళ్లు పడితే అందరి ధ్యాసా తుంటి, నడుము, మోకాలు మీదే ఉంటుంది. ఎక్స్‌రే తీయిస్తారు, కట్టు కట్టిస్తారు, కాళ్లలో సత్తువ తగ్గిందని సరిపెట్టుకుంటారు. కంటి సంగతి అడిగితే తాతగారు "నాకేం, బాగానే కనపడుతోంది" అంటారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. రెండు కళ్లూ తెరిచి చూసేటప్పుడు బాగున్న కన్ను రెండోదాని లోటును కప్పేస్తుంది. శుక్లం ఏళ్ల తరబడి ముదురుతుంది కాబట్టి చూపు ఎంత తగ్గిందో ఆయనకే తెలియదు. అందుకని అడిగి ఊరుకోవద్దు, పరీక్షించండి. ఒక్కో కన్నూ విడిగా, పడినప్పుడు పెట్టుకున్న కళ్లద్దాలతోనే, వీలైతే పడిన చోటే, పడిన వేళకే.

ముందు ఆసుపత్రి, తర్వాతే పరీక్ష

వాంతులు, మగత, తగ్గని తలనొప్పి, మాట తడబడటం, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పడం, ఉన్నట్టుండి ఒకటి రెండుగా కనపడటం, ఒక కంటిచూపు ఒక్కసారిగా పోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయండి. కాలు పొట్టిగా అయి పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగి ఉండొచ్చు, లేపి కూర్చోబెట్టవద్దు. రక్తం పల్చబడే మాత్రలు (వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి) వాడేవాళ్లకు తలకు దెబ్బ తగిలితే, పైకి మామూలుగా ఉన్నా ఆ రోజే ఆసుపత్రిలో చూపించాలి. మెదడు పైపొరల మధ్య రక్తం మెల్లగా చేరి రెండు మూడు వారాల తర్వాత కూడా మగత, నడకలో తూలు మొదలవ్వచ్చు. ఆ రోజులన్నీ మనిషిని కనిపెట్టుకుని ఉండాలి.

కంటికే దెబ్బ తగిలితే నొక్కకూడదు, రుద్దకూడదు. ఆముదం, తల్లిపాలు వంటివేవీ పోయకూడదు. శుభ్రమైన కాగితం కప్పును కంటికి తగలకుండా అడ్డంగా పెట్టి ప్లాస్టర్ అంటించి తీసుకెళ్లండి. కంటిపాప గుండ్రం పోయి సాగినట్టున్నా, నల్లగుడ్డు ముందు రక్తం నిలిచినా, మెరుపులు మెరిసినట్టు, నల్ల చుక్కలు రాలినట్టు, పక్కనుంచి తెర దిగినట్టు అనిపించినా ఆ రోజే కంటి డాక్టరు చూడాలి. శుక్లం ఆపరేషన్ అయిన కంటికి దెబ్బ తగిలితే మరింత జాగ్రత్త, పాత కోత దగ్గర విడిపోయే ప్రమాదం ఉంది.

ఎలా పడ్డారో రాబట్టడం

ఇవేవీ లేవని తేలాక, మనిషి కుదుటపడ్డాక మాట్లాడండి. మంచం మీంచి లేవగానే కళ్లు బైర్లు కమ్మి పడ్డారంటే ముందు చూడాల్సింది బీపీ. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డ ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ మళ్లీ చూడాలి. పై అంకె 20, లేదా కింది అంకె 10 తగ్గిందంటే డాక్టరుకు చెప్పాలి. ఇక్కడ కంటి చుక్కల సంగతి చాలామందికి తట్టదు. నీటికాసులకు (గ్లకోమా, కంటి నరం దెబ్బతినే జబ్బు) వేసే టిమోలాల్ చుక్కలు ముక్కులోకి జారి, అక్కడినుంచి రక్తంలో కలిసి గుండె వేగాన్ని, బీపీని తగ్గించగలవు. అలాగని చుక్కలు మానేయకూడదు, కంటి నరం దెబ్బతింటుంది. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను రెండు నిమిషాలు వేలితో ఒత్తి పట్టుకుంటే లోపలికి వెళ్లేది బాగా తగ్గుతుంది. డాక్టరుకు సంగతి చెప్పి వేరే మందు అడగండి.

మెట్టు కనపడలేదనో, గడప తన్నుకున్నాననో, చివరి మెట్టు అయిపోయిందనుకున్నాననో చెబితే అనుమానం చూపు మీదకి తిప్పండి.

అట్ట తయారీ

తెల్ల అట్ట మీద నల్ల మార్కరుతో మూడు కోరల గుర్తు, అంటే ఇంగ్లీషు "ఈ" (E) అక్షరం గీయండి. మొత్తం 25 మి.మీ. చదరం. ఒక్కో గీత మందం 5 మి.మీ., గీతల మధ్య సందు 5 మి.మీ. స్కేలు పెట్టి గీస్తేనే పనికొస్తుంది. మందం తేడా వస్తే లెక్క మారిపోతుంది. ఫోన్ తెర మీద బొమ్మ చూపించవద్దు. తెర వెలుగు వల్ల అక్షరం ఉన్నదానికన్నా స్పష్టంగా కనపడుతుంది.

ఈ ఒక్క అట్ట మూడు దూరాలకు సరిపోతుంది. 6 మీటర్ల నుంచి గుర్తుపడితే చూపు దాదాపు 6/18, అంటే మామూలు కంటికి 18 మీటర్ల నుంచి కనపడేది 6 మీటర్లకు వస్తేగాని కనపడదని. 3 మీటర్లకు వస్తేగాని తెలియకపోతే 6/36 ప్రాంతం. ఒక మీటరుకు వస్తేగాని తెలియకపోతే 3/60 దరిదాపు. బాగున్న కంట్లోనే చూపు 3/60కన్నా తక్కువుంటే మన దేశంలో అంధత్వం కింద లెక్క.

టేపుతో కొలిచి వరండాలోనో, వాకిట్లో నీడపట్టునో కుర్చీ వేయండి. వెలుగు కుర్చీలో కూర్చున్నవాళ్ల వెనకనుంచి అట్ట మీద పడాలి, ఎదురుగా కళ్లలో పడకూడదు. ముందు దగ్గరగా అట్ట చూపించి "మామ్మగారూ, కోరలు ఎటు ఉంటే మీ మూడు వేళ్లు అటు చూపించండి" అని నాలుగు పక్కలా తిప్పి అలవాటు చేయండి. చదువు రానివాళ్లకూ ఇది ఒక్క నిమిషంలో వస్తుంది. అప్పుడు దూరం వెళ్లండి. ఒక్కో కంటికి ఐదుసార్లు తిప్పి, నాలుగు సరిగ్గా చెబితే ఆ దూరం దాటినట్టు. రెండో కంటికి అదే వరస తిప్పకండి, గుర్తుపెట్టుకుని చెప్పేస్తారు.

పొరపాటు ఎక్కువ జరిగేది కన్ను మూసే దగ్గర. వేళ్లతో మూస్తే సందుల్లోంచి చూస్తారు. గట్టిగా నొక్కితే ఆ కన్నే కాసేపు మసకబారి, తర్వాత దాని వంతు వచ్చినప్పుడు తప్పు ఫలితం ఇస్తుంది. అరచేతిని దోసిలిలా గుల్లగా పెట్టి, అంచు ముక్కుకు ఆన్చి మూయించాలి. పక్కన ఇంకొకరు నిలబడి తల తిప్పకుండా చూస్తూ ఉండాలి.

సూది బెజ్జం

6 మీటర్ల దగ్గర తప్పిన కంటికి మరో పరీక్ష ఉంది. పాత శుభలేఖ అట్టకు మందపాటి సూదితో ఒక మి.మీ.కు కాస్త పైన ఉండే బెజ్జాలు నాలుగైదు, దగ్గర దగ్గరగా పొడవండి. ఒక్కటే బెజ్జమైతే చెయ్యి వణికేవాళ్లు దాన్ని పట్టుకోలేరు. కళ్లద్దాల మీదనే ఆ అట్ట పెట్టి, బెజ్జంలోంచి మళ్లీ చూడమనండి. మెరుగుపడితే అద్దాల పవర్ తేడా, కళ్లద్దాలు మారిస్తే చాలా వరకు సరిపోతుంది. మెరుగు లేకపోతే శుక్లమో, కంటి వెనక పొర దెబ్బో ఉండొచ్చు. షుగర్ ఉన్నవాళ్లైతే ఆలస్యం చేయకుండా కంటి వెనక పొరను చూపించుకోవాలి.

పక్క చూపు, కింది చూపు

అట్ట పరీక్షలో నెగ్గినవాళ్లూ పడుతుంటారు. నీటికాసుల్లో ఎదుటి చూపు చివరిదాకా బాగానే ఉండి చుట్టుపక్కల చూపు హరించుకుపోతుంది. ఎదురెదురుగా మీటరు దూరంలో, కళ్లు ఒకే ఎత్తులో ఉండేలా కూర్చోండి. ఆయన ఎడమ కన్ను మూస్తే మీరు కుడి కన్ను మూయాలి. ఆయన చూపు మీ తెరిచిన కంటి మీదే నిలవాలి. ఇద్దరికీ మధ్యదూరంలో ఒకటో రెండో వేళ్లు చూపించి ఎన్నో అడగండి. పైన రెండు మూలలు, కింద రెండు మూలలు. మీకు కనపడేది ఆయనకూ కనపడాలి. కింది మూలల్లో రెండుమూడు సార్లు చూడండి. నడిచేటప్పుడు గడప, మెట్టు, చేను గట్టు అంచు, కాళ్ల దగ్గర తిరిగే కోడిపిల్ల కనపడేది ఆ భాగంతోనే. రెండు కళ్లకూ ఒకే పక్క కనపడకపోతే పక్షవాతం అనుమానం, వెంటనే ఆసుపత్రికి. చేతి వేళ్ల పరీక్ష పెద్ద లోటునే పట్టుకుంటుంది. నీటికాసుల తొలి దశ దీనికి దొరకదు కాబట్టి, ఇది బాగుంది కదా అని డాక్టరు దగ్గరికి వెళ్లడం మానకండి.

లోతు అంచనాకు రెండు పెన్నులు చాలు. మీరు ఒకటి నిలువుగా పట్టుకోండి. ఆయన రెండోదాన్ని పైనుంచి దించి, కొనకు కొన తాకించాలి. రెండు కళ్లతోనూ పదేపదే తప్పుతుంటే మెట్టు లోతు కూడా అలాగే తప్పుతోందన్నమాట. ఒక కంటికి ఆపరేషన్ అయి రెండోది మిగిలిపోయినవాళ్లలో ఇది ఎక్కువ.

కళ్లద్దాలు, పడిన చోటు

పడినప్పుడు పెట్టుకున్నవి ఏ అద్దాలో చూడండి. చత్వారానికి ఇచ్చిన +2.50 అద్దాలు 40 సెం.మీ. దూరానికి సరిపోతాయి, వాటితో లేచి నడిస్తే నేల మసకే. రెండు పవర్ల అద్దాలలో గీత కింది రెప్ప అంచుకు సరిగ్గా ఉండాలి. పడ్డప్పుడు ఫ్రేము వంగితే ఆ గీత పైకి జరిగి, మెట్టు చూడాల్సిన చోట చదివే పవర్ అడ్డొస్తుంది. గీతలు పడ్డ అద్దం, పక్కవాళ్ల అద్దం కూడా తేలేవి ఇక్కడే. చీర కొంగుతో తుడవకుండా సబ్బునీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్దండి.

తర్వాత పడిన చోటికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లండి. మెట్లు దిగమనొద్దు. పైనుంచి ఒక్కో మెట్టు అంచూ వేలితో చూపించమనండి. ఎండలోంచి పెంకుటింటి నడవలోకి వస్తే కళ్లు చీకటికి అలవాటు పడటానికి పెద్దవాళ్లకు చాలాసేపు పడుతుంది. కార్తీకమాసంలో తెల్లవారుజామున రేవు మెట్ల మీద సిమెంటు, పాచి, నీళ్లు అన్నీ ఒకే రంగులో కలిసిపోతాయి. అంచు తేల్చుకోలేకపోతే ప్రతి మెట్టు అంచునా, మీదా ముందువైపూ రెండంగుళాల పసుపుపచ్చ పట్టీ వేయించండి. గడపకు పసుపు రాసే అలవాటు ఎలాగూ ఉంది. అది వెలిసిపోనివ్వకండి.

డాక్టరు దగ్గరికి

శుక్లం ముదరాలని ఇంకా ఎదురుచూసేవాళ్లున్నారు. అక్కర్లేదు, గట్టిపడిన శుక్లం తీయడమే కష్టం. 70 దాటిన ఆడవాళ్ల మీద ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. మొదటి కంటికి త్వరగా ఆపరేషన్ చేసినవాళ్లలో ఏడాదిలో పడటం 34 శాతం తగ్గింది. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద శుక్లం ఆపరేషన్ ఉచితంగా దొరుకుతుంది. పీహెచ్‌సీలో అడిగితే కాకినాడకో రాజమండ్రికో, దగ్గర్లో ఎక్కడికి పంపాలో చెబుతారు. మూత్రానికి టామ్సులోసిన్ మాత్ర వాడుతుంటే ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. దాని వల్ల కంటిపాప సరిగా తెరుచుకోదు.

కొత్త అద్దాలు వచ్చిన మొదటి వారాలు జాగ్రత్త. పవర్ బాగా మారితే నేల ఎత్తుపల్లాలు తప్పుగా కనపడి మళ్లీ పడతారు. బలహీనంగా ఉన్నవాళ్లకు పవర్ ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా మార్చమని అడగండి. బయట ఎక్కువ తిరిగేవాళ్లకు నడకకు దూరపు చూపు అద్దాలు విడిగా ఉంటే మంచిది.

వెళ్లేటప్పుడు పాత కళ్లద్దాలు, వాడే మాత్రలు, కంటి చుక్కలు అన్నీ సంచిలో పెట్టుకోండి. ఒక చీటీ రాయండి: "కుడి కన్ను, అద్దాలతో 3 మీటర్లు, బెజ్జంతో 6 మీటర్లు. ఎడమ కన్ను, కింద ఎడమ మూల కనపడలేదు. సాయంత్రం 6కి అరుగు దిగుతూ పడ్డారు." కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తే నాలుగైదు గంటలు దగ్గర చూపు మసకగా ఉంటుంది, ఎండ కళ్లకు కొడుతుంది. ఆ రోజు ఒంటరిగా బస్సు ఎక్కనివ్వకండి. ఆటో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చెయ్యి పట్టుకుని, "మెట్టు ఇదిగో" అని చెబుతూ ఇంటికి చేర్చండి.