సమస్య - పరిష్కారం: పందిరి పచ్చగా ఉన్నా గెల వేయని ద్రాక్ష

అక్టోబరు కత్తిరింపు జరిగి నెల తిరిగినా, కొత్త చిగుళ్లు మూరెడు సాగినా, గెల జాడే లేదని చంద్రగిరి, పాకాల వైపు పెరట్లో ద్రాక్ష వేసుకున్నవారు ఏటా నన్ను పిలుస్తుంటారు. వెళ్లి చూస్తే, ఆకుకు ఎదురుగా గెల ఉండవలసిన కణుపు దగ్గర నులితీగ (ఆసరాను చుట్టుకొనే సన్నని తీగ) చుట్టుకొని ఉంటుంది, తీగ మొదలు దగ్గర అప్పుడే చల్లిన యూరియా తెల్లగా కనిపిస్తుంది. దయచేసి ముందు ఆ యూరియా ఆపండి.

మొదట చూడవలసినది కత్తెర ఎక్కడ పడిందన్నది. బెంగళూరు బ్లూ రకం పొట్టి కత్తిరింపుకైనా కాస్తుంది గాని, థాంప్సన్ సీడ్‌లెస్‌ రకంలో కొమ్మ మొదట్లోని కళ్లు (చిగురు వచ్చే మొగ్గలు) తరచు గెల వేయవు కనుక, దాన్ని రెండు కళ్లకు కోస్తే పంటను కోసి పారేసినట్టే. కోసిన కొమ్మపై కళ్లు లెక్కపెట్టడానికి నిమిషం పట్టదు. ఎంత చెప్పినా చాలామంది లెక్కపెట్టరు.

కోత సరిగానే ఉంటే, తప్పు అక్టోబరులో కాదు, మే నెలలో జరిగింది. ద్రాక్షకు ఏటా చేసే రెండు కత్తిరింపుల్లో మొదటిదైన ఏప్రిల్ కత్తిరింపు తరువాత సుమారు 40 నుంచి 60 రోజుల మధ్య, కంటి లోపల రూపుదిద్దుకొనే అంకురం గెల కావాలో నులితీగ కావాలో నిర్ణయమైపోతుంది. పుట్టుకలో ఆ రెండూ ఒకటే. వెలుతురు, ఆకులు వండిన ఆహారం చాలినంత అందితే అది గెలవుతుంది, నీడ కమ్మితే నులితీగగా మిగిలిపోతుంది. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఒక వేసవిలో బోరు నిండుగా పోస్తోందని మే నెలంతా రోజు విడిచి రోజు నీళ్లు పారించి, పశువుల ఎరువుపై యూరియా కూడా వేశాను. మిట్టమధ్యాహ్నం పందిరి కింద మంచం వేసుకుంటే ఒంటిమీద ఎండ పొడ పడేది కాదు, చూసినవారందరూ మెచ్చుకున్నారు. నవంబరులో ఇరవై రెండు తీగలకు తొమ్మిది గెలలు వచ్చాయి, అవన్నీ ఎండ తగిలే పడమటి అంచునే ఉన్నాయి. ఆ అంచును చూసిన తరువాతే నాకు కారణం తెలిసింది.

గెల రాకపోవడానికి వైరస్, బోరాన్ లోపం, నులిపురుగులు కారణం కావడం అరుదు. వాటి వెంట పడకండి. గెల వచ్చి పూత దశలో రాలిపోతే అది వేరే సమస్య, మన ఈశాన్య రుతుపవనాల వానలకు వచ్చే బూజు తెగులును అనుమానించాలి.

ఈ ఏటికి చేయగలిగింది లేదు. వచ్చే ఏప్రిల్‌లో కత్తిరించిన తరువాత చిగుళ్లను పలుచన చేసి, కొమ్మకూ కొమ్మకూ మధ్య జానెడు ఖాళీ ఉంచండి. నలభయ్యో రోజుకు ముందే యూరియా వంటి నత్రజని ఎరువులు ఆపి, తీగ వాడకుండా చూసుకుంటూ నీళ్లు తగ్గించి, కొసలు గిల్లండి. మధ్యాహ్నం పన్నెండింటికి పందిరి కింద నేలపై అక్కడక్కడా ఎండ మచ్చలు కనిపించాలి. కనిపించకపోతే ఇంకొన్ని కొమ్మలు తీసేయండి. సెప్టెంబరులో కొన్ని కొమ్మల కళ్లను సూక్ష్మదర్శిని కింద పరీక్ష చేయిస్తే, ఏ కంటిపైన కోయాలో కత్తెర పట్టకముందే తెలుస్తుంది.