విడిది తోటలో పనిచేసేవారికి అడవి జంతువులు ఎదురైతే

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని జీడి, కొబ్బరి, పనస తోటల నడుమనో, మందస కొండల దిగువనో అతిథుల విడిదిగా నడిచే తోటలో పనికి చేరినవారికి మొదటి రోజున గదుల తాళాలు, మోటారు స్విచ్చులు చూపిస్తారు గానీ, రాత్రిపూట ఆ తోటలో మరెవరు తిరుగుతారో చెప్పేవారు తక్కువ. అతిథి ఎండ ఎక్కాక లేస్తాడు. ఆకులు ఊడ్చేవారు, మోటారు వేసేవారు, వంటశాల తెరిచేవారు మాత్రం చీకటి విడవకముందే తోటలో నడుస్తారు. ఎలుగుబంటి మేత ముగించుకుని తుప్పల్లోకి మళ్లే వేళ కూడా అదే. అందువల్ల ఈ సూచనలు ముఖ్యంగా ఆ తొలి గంటలో పనిచేసేవారి కోసం.

ఈ ప్రాంతంలో అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కోరేది ఎలుగే. అది మనిషిని తినడానికి రాదు. దాని తిండి చెదలు, చీమలు, తేనె, ఇప్పపువ్వు, పండ్లు. దానికి వాసన పసిగట్టే శక్తి ఎక్కువ, చూపు మాత్రం అంతంతమాత్రం. పుట్టను తవ్వి, మూతి లోపలికి దూర్చి, చెదలను పెద్ద చప్పుడుతో పీల్చుకునేటప్పుడు మన అడుగుల సవ్వడి దాని చెవికి చేరదు. అలా మనిషి పది అడుగుల దగ్గరికి వచ్చేశాక తలెత్తి చూసిన ఎలుగు, పారిపోవడానికి వ్యవధి లేదనుకుని పైబడుతుంది. గాయాలలో ఎక్కువ భాగం ముఖానికి, తలకు తగిలేది ఇలాంటి ఆకస్మిక దాడుల్లోనే.

కాబట్టి తెల్లవారుజామున తోటలో నిశ్శబ్దంగా నడవడం మర్యాద కాదు, ప్రమాదం. ఇద్దరుగా వెళ్లాలి, మాట్లాడుకుంటూ వెళ్లాలి, చేతిలో కర్ర, టార్చి ఉండాలి, మలుపు తిరిగే ముందు కర్రతో నేలను తట్టాలి. ఫోనులో పాటలు పెట్టుకోవచ్చు, కానీ చెవుల్లో కాదు, బయటికి వినబడేటట్టు. అతిథులకు నిద్రాభంగం అవుతుందని యజమాని అభ్యంతరం చెప్పవచ్చు. ఈ ఒక్క విషయంలో ఆయన మాట పక్కన పెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

ఎలుగు దూరంగా కనిపిస్తే అక్కడే ఆగి, దానికి వీపు చూపకుండా, పరుగెత్తకుండా, మెల్లగా వెనక్కి జరగాలి. అది వెళ్లదలచుకున్న తుప్పకూ దానికీ మధ్యలో నిలబడకూడదు. పిల్లలను వీపు మీద ఎక్కించుకుని నడిచే తల్లి ఎలుగు కనిపిస్తే ఆ పూటకు ఆ వైపు పనులన్నీ మానుకోవాలి. చెట్టెక్కి తప్పించుకుందామనుకోవడం వట్టి భ్రమ, అది మనకన్నా బాగా ఎక్కుతుంది. ఒకవేళ మీద పడితే బోర్లా పడుకుని, వేళ్లు పెనవేసి మెడ వెనుక భాగాన్ని కప్పుకుని, ముఖాన్ని నేలకు ఆనించి, అది వెళ్లిపోయేదాకా కదలకుండా ఉండాలి.

ఎలుగు వచ్చిందని తెలియగానే ఊరంతా గుమిగూడి కేకలు వేయడం మన దగ్గర పరిపాటి. దారులన్నీ మూసుకుపోయిన జంతువు కనిపించినవారి మీదికల్లా వెళుతుంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి పరిసరాల్లో ఎలుగు దాడుల్లో ఒకరు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. పట్టుబడిన ఆ ఎలుగు కూడా బతకలేదు. విడిదిలో అలాంటి పరిస్థితి వస్తే అతిథులను గదుల్లో ఉంచి తలుపులు వేయించి, కొండ వైపు దారిని ఖాళీగా వదిలి, అటవీ శాఖ వారికి కబురు చేయాలి. పనివారి బాధ్యత అంతవరకే.

అయితే చాలా సందర్భాల్లో ఎలుగును పిలిచేది మనమే. వేసవిలో రాలిన జీడిపండ్లు, పగిలిన పనసకాయలు గదుల పక్కనే కుళ్లుతుంటే ఆ వాసనకు అది రాకుండా ఉండదు. నేను పనిచేసిన ఒక తోటలో వంటశాల వెనుక గోడవారగా పనస తొక్కలు పారబోసే అలవాటుండేది. వరుసగా మూడు రాత్రులు ఎలుగు వచ్చిపోయాక గానీ ఆ గుట్టకూ దాని రాకకూ సంబంధం ఉందని ఎవరికీ తట్టలేదు. పండ్లను ప్రతి సాయంత్రం చీకటి పడకముందే ఏరి, గదులకు దూరంగా గోతిలో పూడ్చాలి. వంటనూనె డబ్బాలు, బెల్లం, కొబ్బరి చిప్పలు గట్టి తలుపున్న గదిలో ఉండాలి. పూజగదిలో దీపపు నూనెను కూడా రాత్రి బయట వదలకూడదు. గదుల దగ్గర చెదలు పట్టిన మొద్దులుంటే తవ్వి తీయించాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు కూలిన చెట్ల మొదళ్లను ఇప్పటికీ అలాగే వదిలేసిన తోటలుంటే ఈ పని మరీ ముఖ్యం.

పాముల విషయంలో చేయి పెట్టే ముందు కన్ను పెట్టాలి. ఆకుల గుట్టను చేత్తో ఎత్తకుండా పారతో గానీ పొడవాటి కర్రతో గానీ కదిపి చూడాలి, కాళ్లకు గమ్ బూట్లు వేసుకోవాలి, కట్టెల మోపును, కొబ్బరి మట్టల పోగును గోడకు ఆనించి పెట్టకూడదు. రక్తపింజరి ఎండుటాకుల్లో కలిసిపోయి కదలకుండా పడి ఉంటుంది, దగ్గరికి వెళితే కుక్కరు కూత లాంటి బుస వినిపిస్తుంది. కట్లపాము అంతకన్నా మోసకారి: రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది, నొప్పి పెద్దగా తెలియదు, తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. కాపలాదారు మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుని పడుకోవడం ఇందుకే.

కాటు పడితే కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం ఏదీ చేయకూడదు. ఉంగరాలు, గాజులు తీసి, కరిచిన కాలును గానీ చేతిని గానీ కర్రచెక్కతో కదలకుండా చేసి, మనిషిని నడిపించకుండా, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తరలించాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకే విరుగుడు మందు ఇస్తారు గనుక పామును చంపి మోసుకెళ్లవలసిన అవసరం లేదు. ఆ మందు దగ్గర్లో ఏ ప్రభుత్వాసుపత్రిలో ఉంటుందో కాటు పడకముందే కనుక్కుని ఉంచాలి. తూర్పు కనుమల దిగువన అరుదుగా కనిపించే గిరినాగు ఇతర పాములను తిని బతుకుతుంది, మనిషిని చూస్తే తప్పుకుపోతుంది. దాని విషానికి ఈ మందు పనిచేయదు గనుక ఎవరూ పట్టే సాహసం చేయకూడదు.

ఏనుగుల బెడద తీర ప్రాంతపు తోటల కన్నా కొండ వైపు విడిదులకే ఎక్కువ. 2018లో ఒడిశా నుంచి దిగిన గుంపు కురుపాం, కొమరాడ, జియ్యమ్మవలస మండలాల్లో తిరిగింది. గుంపు ఉన్నట్టు తెలిస్తే రాత్రి పనులు ఆపి, బియ్యం, ఉప్పు, అరటి గెలలను పక్కా గదిలోకి చేర్చాలి. టపాకాయలు పేల్చి రెచ్చగొట్టకూడదు. కంచెకు కరెంటు పెట్టడం నేరం, అది మన పనివారినే ముందు చంపుతుంది. భామిని మండలంలో 2023 మే నెలలో 4 ఏనుగులు కరెంటు తగిలి చనిపోయాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం ఏనుగు, ఎలుగు రెండూ మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు.

కోతులకు తిండి పెట్టవద్దని అతిథులకు చెప్పాలి. కరిచినా, రక్కినా గాయాన్ని 15 నిమిషాలు సబ్బుతో కడిగి, అదే రోజు రేబిస్ టీకా వేయించాలి.

ఇక ఊడ్చే పని ఉన్నవారికి ఒక మాట. చీపురు వేసే ముందు దారిని ఒకసారి చూడాలి. ఎలుగు వెనుక కాలి ముద్ర మనిషి పాదాన్ని పోలి ఉంటుంది, గోళ్ల గుర్తులు మాత్రం ముందుకు పొడుచుకుని ఉంటాయి. అది కనిపిస్తే ఎటు నుంచి వచ్చిందో, ఎటు వెళ్లిందో కాపలాదారు పుస్తకంలో తేదీతో రాయించి, ఆ తర్వాతే ఊడవాలి.