పాత తంతి కీ, కొత్త రిగ్: ఎక్కడ తంటా వస్తుంది, ఎలా బాగుచెయ్యాలి

చెన్నైలో సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ కొట్లలోనో, తెలిసినవాళ్ళ అటక మీదో ఇప్పటికీ అప్పుడప్పుడు ఇత్తడి మోర్స్ కీలు (నొక్కుతూ చుక్కలు, గీతలుగా సందేశం పంపే మీటలు) దొరుకుతాయి. కొన్ని తంతి ఆఫీసువి, కొన్ని సైన్యం వదిలించుకున్నవి. కొన్నవాళ్ళు ఇంటికి తెచ్చి మొదట చేసేది తళతళా తోమడం. హామ్ రేడియో సెట్టుకి, అంటే రిగ్‌కి, తగిలిస్తే టోన్ రాదు.

ఈ కీలు తయారైంది తంతి లైను కోసం. ఆ లైన్ల మీద పదుల వోల్టులు, పదుల మిల్లీ ఆంపియర్లు పారేవి. కాంటాక్టుల మీద పట్టిన సన్నని నల్లపొరని ఆ వోల్టేజే చీల్చుకుపోయేది. ఇప్పటి రిగ్ కీ జాక్‌లో ఉండేది 3 నుంచి 12 వోల్టులు, కరెంటు ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు. దానికి ఆ పొరే గోడ. అందుకే కీ ఎంత మెరుస్తోందన్నది తర్వాతి మాట, కరెంటు నడిచే దారిలో రెసిస్టెన్స్ ఎక్కడ దాక్కుందో ముందు చూడాలి.

విప్పకముందే రెండు కొలతలు రాసిపెట్టుకోండి. మల్టీమీటర్‌ని 200 ఓమ్‌లో పెట్టి, ప్రోబ్‌లు రెండూ తాకించి ఎంత చూపిస్తుందో చూడండి. మామూలుగా 0.2 నుంచి 0.4 వస్తుంది, తర్వాతి కొలతలోంచి దాన్ని తీసెయ్యాలి. తర్వాత కీ నొక్కి టెర్మినళ్ళ మధ్య కొలవండి. 0.5 ఓమ్ లోపు, అదీ నిలకడగా ఉండాలి. నొక్కి పట్టుకునే గుండీని అటూ ఇటూ కదపండి, అంకె ఎగిరితే లోపం ఉన్నట్టే. రెండోది, కీ వదిలేసి మెగ్‌ఓమ్ రేంజిలో కొలవండి. మీటరు రేంజి దాటిపోవాలి.

నొక్కినా ఒక్కోసారి టోన్ రాదు, వచ్చినా గరగరలాడుతుంది

పదింట ఏడెనిమిది కీలకి ఉండే జబ్బు ఇదే. అనుమానం కాంటాక్టు మీదకే పోతుంది కానీ దోషం అక్కడే ఉండాలని లేదు. కరెంటు దారి పొడుగైనది: టెర్మినల్, బేస్ కింది రాగి పట్టీ, పివట్ (కీ ఊగే ఇరుసు) స్తంభం, పివట్ మొన, చేతికర్ర (గుండీ ఉన్న అడ్డకడ్డీ), పై కాంటాక్టు, కింది కాంటాక్టు, మళ్ళీ పట్టీ, రెండో టెర్మినల్. ఒక ప్రోబ్‌ని మొదటి టెర్మినల్ మీద ఉంచి, రెండోదాన్ని ఈ వరసలోనే ఒక్కో చోటికి జరుపుతూ పొండి. అంకె ఎక్కడ గెంతితే దోషం అక్కడ. ఈ పనికి 5 నిమిషాలు చాలు. ఇది చెయ్యకుండా కాంటాక్టు గీకడం మొదలుపెడితే వెండి అరిగిపోతుంది, జబ్బు అలాగే ఉంటుంది.

గెంతు పివట్ దగ్గరైతే కారణం తేలికే. ఆ మొనలు కదలడానికి ఏర్పాటు చేసినవి, కరెంటు మొయ్యడానికి వేరే దారి లేక మోస్తున్నాయి. ఎండిన నూనె, మైనం, పాలిష్ పేస్టు అక్కడే చేరతాయి. మొనలు రెండూ విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేసి బిగించండి. ఆ నూనె కూడా కొంత అడ్డే కాబట్టి పివట్‌ని నమ్ముకోకుండా పక్కదారి వెయ్యడం మేలు. మల్టీమీటర్ ప్రోబ్ వైరులాంటి సన్నపోగుల మెత్తని వైరు 40 మి.మీ. తీసుకుని, రెండు కొసలకీ చిన్న లగ్గులు (స్క్రూ కింద పెట్టే లోహపు చెవులు) నొక్కి, ఒకటి చేతికర్ర మీద ఉన్న స్క్రూ కింద, ఇంకొకటి పివట్ స్తంభం స్క్రూ కింద పెట్టండి. వైరు వదులుగా వంగి ఉండాలి, చేతికర్రని లాగకూడదు. దీన్ని సోల్డరింగ్ చెయ్యొద్దు. అంత ఇత్తడిని 25 వాట్ల ఐరన్ వేడెక్కించలేదు, పైగా పాత వస్తువు మీద మచ్చ మిగులుతుంది.

గెంతు కాంటాక్టు దగ్గరే ఉంటే అది ఏ లోహమో చూసుకోవాలి. నల్లగా మారి, తుడిస్తే తెల్లగా మెరిసేది వెండి. ఉక్కులా బూడిదరంగులో, ఫైలు పెడితే జారిపోయేంత గట్టిగా ఉండేది టంగ్‌స్టన్. ఎంత పాతదైనా నలుపెక్కకుండా మురికి మాత్రమే పట్టినది ప్లాటినం, దానికి ఆల్కహాల్ తడి చాలు. వెండికి తెల్ల కాగితం ముక్కని ఆల్కహాల్‌లో తడిపి కాంటాక్టుల మధ్య పెట్టి, గుండీని తేలిగ్గా నొక్కి బయటికి లాగండి. నల్లగీత రావడం ఆగేదాకా కొత్త చోటుతో లాగుతూ ఉండాలి, ఆఖర్న పొడి కాగితంతో ఒకసారి. ఎమరీ పేపరు మాత్రం వద్దే వద్దు. మెత్తని వెండిలో దాని రేణువులు గుచ్చుకుపోతాయి. అవి కరెంటుని పోనివ్వవు, నెల తిరక్కముందే జబ్బు మళ్ళీ వస్తుంది. టంగ్‌స్టన్ మీది ఆక్సైడ్ పొర కాగితానికి లొంగదు, సన్నని డైమండ్ ఫైలు రెండు మూడు సార్లు తిప్పాలి.

ఒకవైపు గుంట, ఎదురుగా మొటిమ కనిపిస్తే అది పాత రోజుల్లో కాయిల్ లోడ్ మీద నిప్పురవ్వలు ఎగిరిన గుర్తు. మొటిమని మాత్రం చదును చెయ్యండి. గుంట పూర్తిగా పోయేదాకా అరగదీస్తే కాంటాక్టే మిగలదు. గుంట చుట్టూ ఉన్న అంచు సమంగా తాకితే చాలు.

నొక్కకముందే టోన్ మోగుతుంది, లేదా డాలు (మోర్స్ గీతలు) ఆగవు

ఇది కీ జబ్బు కాదు, వైరింగు పొరపాటు. తంతి కీలకి చాలావాటికి మూడు టెర్మినళ్ళు ఉంటాయి. నొక్కనప్పుడు చేతికర్ర వెనక కాంటాక్టుని తాకి ఉంటుంది, అవతలివాళ్ళు పంపేది వినడానికి ఆ ఏర్పాటు. ఆ జంటకి రిగ్ తగిలిస్తే వదిలినప్పుడు టోన్, నొక్కితే నిశ్శబ్దం. మల్టీమీటర్‌ని బజర్ మోడ్‌లో (కరెంటు దారి ఉంటే కూసే మోడ్) పెట్టి చూడండి: వదిలినప్పుడు కూసే జంట ఒకటి, నొక్కినప్పుడు కూసే జంట ఇంకొకటి. రెండిట్లోనూ ఉన్న టెర్మినల్ చేతికర్రది. అదీ, నొక్కినప్పుడు జతయ్యేదీ మనకి కావాలి, మూడోదాన్ని ఖాళీగా వదిలెయ్యండి. కొన్ని అమెరికన్ సైనిక కీలకి, ఉదాహరణకి జె-38కి, టెర్మినళ్ళని కలిపే చిన్న పట్టీ ఉంటుంది. అది మూసి ఉన్నా ఇదే గోల.

రిగ్ ఆన్ చెయ్యగానే డాలు వరసగా పోతుంటే స్టీరియో జాక్‌లో మోనో ప్లగ్ పెట్టినట్టు. మోనో ప్లగ్ జాక్‌లోని రింగుని (నడిమి కాంటాక్టుని) గ్రౌండుకి కలిపేస్తుంది, రిగ్ లోపలి కీయర్ (చుక్కలు, గీతలు తానే తయారుచేసే సర్క్యూట్) దాన్ని డా పాడిల్, అంటే గీతల మీట, అనుకుంటుంది. నొక్కితే డిట్లు (మోర్స్ చుక్కలు) పరిగెత్తుతుంటే ప్లగ్ సరే, రిగ్ మెనూ పాడిల్ మోడ్‌లో ఉంది. స్ట్రెయిట్ కీకి (మామూలు చేతి కీకి) మార్చండి. రిచీ స్ట్రీట్‌లో 3.5 మి.మీ. స్టీరియో ప్లగ్ కొనుక్కుని కీ వైర్లు టిప్‌కి (కొసకి), స్లీవ్‌కి (మొదలుకి) కలిపి రింగుని వదిలేస్తే చాలా రిగ్‌లకి సరిపోతుంది. మీ రిగ్ మాన్యువల్ వేరేగా చెబితే అదే పాటించండి.

ఒక్క డిట్ రెండుగా చీలుతుంది

హామ్ రేడియో లైసెన్సు జనరల్ గ్రేడ్ పరీక్షకి కావాల్సిన నిమిషానికి 8 పదాల వేగంలో డిట్ 150 మిల్లీసెకండ్లు, ఈ జబ్బు అంతగా తెలియదు. 20 పదాల దగ్గర డిట్ 60కి దిగుతుంది, అప్పుడు బయటపడుతుంది.

ముందు పివట్ చూడండి. గుండీని పక్కకి తోస్తే చేతికర్ర కదిలిందంటే కాంటాక్టులు ప్రతిసారీ వేరే చోట కొట్టుకుంటున్నాయి. స్ప్రింగు వదులుచేసి పివట్ స్క్రూని కొద్దికొద్దిగా బిగించండి. పక్కకి ఊగడం ఆగాలి, చేతికర్రని ఎత్తి వదిలితే మాత్రం తన బరువుకే పడాలి. అక్కడ లాక్ నట్ బిగించండి. నట్ బిగిస్తుంటే స్క్రూ కూడా కొంచెం తిరుగుతుంది, అందుకని మళ్ళీ పరీక్షించాలి.

తర్వాత కాంటాక్టుల మధ్య గ్యాప్. 80 జి.ఎస్.ఎం. ఏ4 కాగితం మందం ఇంచుమించు 0.1 మి.మీ. రెండు పొరలు పట్టేంత గ్యాప్‌తో మొదలుపెట్టండి, చెయ్యి కుదిరాక ఒక పొరకి తగ్గించుకోవచ్చు.

స్ప్రింగు బిగువుని వేళ్ళతో అంచనా వెయ్యడం కన్నా వంటింటి డిజిటల్ త్రాసు నయం. కీని త్రాసు మీద పెట్టి సున్నా చేసి, బజర్ కూసేదాకా గుండీ నొక్కండి. అప్పుడు కనిపించే అంకే బిగువు. 200 నుంచి 300 గ్రాములు చాలామంది చేతికి సరిపోతుంది. ఎంత తిప్పినా 100 దాటకపోతే ఎవరో బాల్‌పెన్ స్ప్రింగు పెట్టారన్నమాట, ఇది మామూలే. కొత్తది చుట్టించుకునేటప్పుడు తీగ మందం, బయటి వ్యాసం, పొడుగు, చుట్ల సంఖ్య నాలుగూ ఇవ్వండి. తీగ మందం దగ్గర ఉజ్జాయింపు పనికిరాదు: మిగతావి అలాగే ఉంచి 0.8 మి.మీ. బదులు 1.0 మి.మీ. వాడితే స్ప్రింగు దాదాపు రెండున్నర రెట్లు గట్టిబడుతుంది.

ఇవన్నీ చేశాకా చీలుతుంటే కీకి అడ్డంగా 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ పెట్టండి. దీన్ని మొదటి మందుగా వాడకండి, వదులు పివట్‌ని అది కప్పిపెడుతుంది.

స్క్రూ కదలదు, లేదా కొత్త స్క్రూ ఎక్కదు

కదలని స్క్రూ మీద చుక్క డబ్ల్యూడి-40 గానీ కిరసనాయిలు గానీ వేసి ఒక రోజు వదిలెయ్యండి. మర్నాడు సోల్డరింగ్ ఐరన్ మొనని స్క్రూ తల మీద రెండు నిమిషాలు ఉంచి, చల్లారనిచ్చి, గాడి నిండుగా పట్టే స్క్రూడ్రైవర్‌తో ముందు బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పి, ఆ తర్వాత విప్పండి. గాడికన్నా సన్నని స్క్రూడ్రైవర్ వాడితే ఇత్తడి తల చిట్లుతుంది.

బ్రిటిష్ కీలలో, ఆ నమూనాలో మన దేశంలో చేసినవాటిలో మరలు సాధారణంగా బి.ఎ. (బ్రిటిష్ అసోసియేషన్) రకం. 2 బి.ఎ. వ్యాసం 4.7 మి.మీ., పిచ్ (మర చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం) 0.81. 4 బి.ఎ. 3.6 మి.మీ., పిచ్ 0.66. 6 బి.ఎ. 2.8 మి.మీ., పిచ్ 0.53. హార్డ్‌వేర్ కొట్టువాడు 4 బి.ఎ. రంధ్రానికి ఎం4 (4 మి.మీ. మెట్రిక్ స్క్రూ) ఇచ్చి "కొంచెం బిగువుగా ఉంటుంది సార్, ఎక్కుతుంది" అంటాడు. ఎక్కుతుంది, పాత మరని కోసుకుంటూ ఎక్కుతుంది. 0 బి.ఎ. ఒక్కటే ఎం6కి దగ్గర, రెండూ 6 మి.మీ., 1.0 పిచ్. అమెరికన్ 10-32 స్క్రూ 4.83 మి.మీ. ఉండి 2 బి.ఎ.లాగే కనిపిస్తుంది, జాగ్రత్త. దొరక్కపోతే మిగిలిన ఒక స్క్రూని నమూనాగా ఇచ్చి లేత్ మీద చేయించండి.

తోమిన ఇత్తడి వారంలో పచ్చబడుతుంది

చింతపండూ ఉప్పూ కలిపి తోమితే చెంబు మెరుస్తుంది, కీ కూడా మెరుస్తుంది. చెంబుకి సందులు లేవు, కీకి ఉన్నాయి. మరల్లో మిగిలిన పులుపు, ఉప్పు చెన్నై సముద్రపు గాలి తేమతో కలిసి చిలుముని మళ్ళీ లేపుతాయి. విప్పిన ఇత్తడి భాగాలకి లీటరు నీళ్ళలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి 10 నిమిషాలు చాలు. ఎక్కువసేపు ఉంచితే జింకు కరిగి ఇత్తడి గులాబీరంగుకి తిరుగుతుంది. తీశాక వంట సోడా నీళ్ళు, ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్, ఆ వెంటనే హెయిర్ డ్రయ్యర్. నైనియప్ప నాయకన్ వీధి కెమికల్ కొట్లలో ఘాటైన యాసిడ్లు దొరుకుతాయి కదా అని వాటి జోలికి పోవద్దు.

అమ్మోనియా వాసన వచ్చే పాలిష్‌ని వంగి ఉండే ఇత్తడి పట్టీలకి దూరంగా ఉంచండి. బిగువులో ఉన్న ఇత్తడిని అమ్మోనియా పగలగొడుతుంది. బ్రిటిష్ కాలంలో ఇక్కడి గుర్రపుశాలల దగ్గర నిల్వచేసిన తూటాల ఇత్తడి తొడుగులు వానాకాలంలో చిట్లిపోయింది ఈ కారణానికే. కొబ్బరినూనె కూడా రాయొద్దు, రాగితో కలిసి పచ్చటి జిగురవుతుంది. ఆరిన భాగాలకి పల్చగా మైనం పట్టించి, కాంటాక్టులూ పట్టీలు కలిసే చోట్లూ వదిలెయ్యండి.

సైనిక కీల ఇనుప భాగాల మీద తెల్లగానో పసుపుగానో పొడి ఉంటే అది కాడ్మియం పూత కావచ్చు. అది విషం. గీకొద్దు, ఊదొద్దు. చేతికి గ్లవ్స్ వేసుకుని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని పారెయ్యండి.

అక్టోబరు వానల్లో కీ వదిలినా కరెంటు పారుతుంది

తెరిచి ఉన్న కీ ఒక మెగ్‌ఓమ్ కన్నా తక్కువ చూపిస్తే బేస్ మీద లీకేజీ ఉంది. అంతమాత్రాన రిగ్ మోగదు, కొన్ని పదుల కిలో ఓమ్‌లకి దిగితే మోగుతుంది. బేస్ తిప్పి చూడండి. పట్టీల మధ్య ఎండిన తెల్ల పాలిష్, చిలుము పొడి ఉంటాయి. టూత్‌బ్రష్, ఆల్కహాల్ చాలు. బేకలైట్‌ని నీళ్ళలో నానబెట్టొద్దు. చెక్క బేస్ అయితే రెండు రోజులు ఎండలో కాక నీడలో ఆరబెట్టండి, ఎండకి బీటలు వారుతుంది.

5 వాట్లలో బాగుంటుంది, 100 వాట్లలో టోన్ అతుక్కుపోతుంది

కీ వైరు యాంటెన్నాలా ఆర్‌ఎఫ్‌ని (రిగ్ పంపే రేడియో తరంగాల్ని) పట్టుకుంటోంది. షీల్డ్ వైరు వాడండి, ప్లగ్ దగ్గర 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి, ఫెరైట్ రింగులో వైరుని 5, 6 చుట్లు తిప్పండి.

గుండీ ముట్టుకుంటే జిల్లుమంటుంది

వాల్వ్ (పాత గాజు గొట్టాల) రిగ్‌లకే ఈ సంగతి. కేథోడ్ కీయింగ్‌లోనూ గ్రిడ్ బ్లాక్ కీయింగ్‌లోనూ (వాల్వ్‌ని కీతో నేరుగా ఆపి నడిపే రెండు పద్ధతులు) కీ మీద 100 వోల్టుల దాకా, ఒక్కోసారి అంతకు మించి కూడా ఉంటుంది. కీ తగిలించకముందే జాక్‌లో కొలవండి. చేతికర్ర ఎప్పుడూ గ్రౌండు వైపే ఉండాలి, వోల్టేజి ఉన్న వైరు కింది కాంటాక్టుకి పోవాలి. అన్నిటికన్నా మేలైన దారి, మధ్యలో 12 వోల్టుల రీడ్ రిలే పెట్టి కీకి ఆ 12 వోల్టులే చూపించడం. రిలే కాయిల్‌కి అడ్డంగా ఒక డయోడ్ మరిచిపోవద్దు, లేకపోతే కాంటాక్టుల మీద మళ్ళీ మొటిమలు లేస్తాయి.

కీ బల్ల మీద నడుస్తుంది

తంతి ఆఫీసులో దీన్ని బల్లకి మరలతో దిగేసేవారు, విడిగా నిలబడేంత బరువు దీనికి లేదు. వంటింటి గట్టు వేసే గ్రానైట్ కొట్టులో తుంపు అడగండి. 200 × 120 × 18 మి.మీ. ముక్క 1.1 కిలోల పైనే తూగుతుంది. బేస్ రంధ్రాలకి ఎదురుగా కొట్టులోనే రంధ్రాలు వేయించుకుని కింద నుంచి బోల్టులతో బిగించండి. బోల్టు తలలు రాయి లోపలికి దిగేలా రంధ్రాల అడుగుని వెడల్పు చేయించాలి. అడుగున నాలుగు రబ్బరు బుడిపెలు పెట్టండి. ఫోమ్ టేపుతో అతికిస్తే కీ మెత్తగా ఊగుతుంది, ఇందాక పివట్ దగ్గర పోగొట్టిన ఊపు కింది నుంచి తిరిగొస్తుంది.