ముగ్గురి కచేరీ వినడం నేర్చుకుందాం – 5వ పాఠం: స్వరం చేతులు మారే చోటు

గత పాఠంలో ఫ్రెంచ్ స్వరకర్త మారిస్ రావెల్ 1914లో రాసిన పియానో ట్రియో (పియానో, వయొలిన్, చెలోల ముగ్గురి రచన) మొదటి భాగాన్ని చేత్తో తాళం వేస్తూ విన్నాం. మూడు, రెండు, మూడు అని ఎనిమిది లెక్కలు. అది చేతికి ఇంకా పట్టుబడని వాళ్లు కంగారు పడక్కర్లేదు, ఈసారి తాళంతో పని తక్కువ. స్వరం ఎక్కడ పుడుతోంది, ఎక్కడ ఆగుతోంది, ఆగిన చోట దాన్ని ఎవరు అందుకుంటున్నారు అన్నదే ఈ పాఠం.

దీనికి మరో ఫ్రెంచ్ స్వరకర్త క్లాడ్ డెబుస్సీ రాసిన సొనాటా (కొన్ని భాగాలుగా సాగే వాద్య రచన) కంటే మంచి రచన నాకు కనిపించలేదు. 1915లో రాశారు. ఫ్లూట్, కమానుతో వాయించే వయోలా, నిలువుగా పెట్టి తీగలు మీటే హార్ప్, ఈ మూడే వాద్యాలు. మూడు భాగాలు, మొత్తం 17, 18 నిమిషాలు. ఇంటర్నెట్‌లో రికార్డింగులు చాలా దొరుకుతాయి, ఏదో ఒకటి ఎంచుకుని ఈ పాఠమంతా దాంతోనే సాధన చేయండి. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి. హార్ప్ కింది తీగలు అందులో వినిపించవు, అవి వినిపించకపోతే సగం సంగీతం పోయినట్లే. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. అర్థం కావడం కోసం వేగం తగ్గించి వినే అలవాటు ఉంటే దాన్నీ పక్కన పెట్టండి. వేగం తగ్గిస్తే తీగ మీటిన క్షణం సాగిపోయి, మనకు కావలసిందే చెడిపోతుంది.

మన కచేరీలు విని పెరిగిన చెవికి ముందుగా ఒక అలవాటు మానాలి. వేదిక మీద నలుగురు కూర్చుంటే ప్రధాన కళాకారులెవరో, పక్కవాద్యమెవరో మనం వెంటనే తేల్చేసుకుంటాం. ఈ సొనాటాలో పక్కవాద్యం లేదు. ఫ్లూట్ పాడుతోంది, మిగతా రెండూ సహకరిస్తున్నాయి అనుకుని మొదలుపెడితే నిమిషంలోనే దారి తప్పుతాం. 1966లో లాల్గుడి జయరామన్ వయొలిన్, ఎన్. రమణి వేణువు, ఆర్. వెంకటరామన్ వీణ కలిపి చేసిన కచేరీల రికార్డింగులు విన్నవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. ఊదే వాద్యం, కమానుతో వాయించేది, మీటేది, అక్కడా ఇవే మూడు రకాలు. కాకపోతే అక్కడ మృదంగం ఉంటుంది, ఇక్కడ లయ చూపించే వాద్యం విడిగా ఏదీ లేదు.

ఈ మూడింటిలో స్వరం పుట్టే తీరు వేరు, పోయే తీరు వేరు. హార్ప్ తీగ మీటగానే స్వరం గట్టిగా మొదలై, ఆ క్షణం నుంచే తగ్గిపోతూ ఉంటుంది. దాన్ని నిలబెట్టడం వాయించేవారి చేతిలో లేదు. ఫ్లూట్ స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపు నిలపవచ్చు, పెంచవచ్చు, తగ్గించవచ్చు. వయోలా కమాను ఎటూ తిరిగి రాగలదు కాబట్టి ఎంతసేపైనా సాగుతుంది. పైగా దానికి ఇంకో శక్తి ఉంది, మొదలైనట్లే తెలియకుండా మొదలుకాగలదు. తీగ మీద కమాను ఆనీ ఆననట్లు పెట్టి లాగితే, స్వరం ఎప్పుడు వచ్చిందో పక్కన కూర్చున్నవారు కూడా చెప్పలేరు. వయోలా వయొలిన్ కంటే కొంచెం పెద్దది, దాని శ్రుతి స నుంచి ప వరకు ఉన్నంత దూరం కిందికి ఉంటుంది. అందుకే దాని గొంతు కాస్త బరువుగా, ముక్కుతో పాడినట్లు ఉంటుంది. డెబుస్సీ మొదట ఇక్కడ వయోలాకు బదులు ఓబో అనే ఊదే వాద్యం పెట్టాలనుకున్నారు. ఓబోకు ఇలా చప్పుడు లేకుండా లోపలికి రావడం కష్టం. ఆలోచన మార్చుకోవడం ఎంత మంచిదైందో మొదటి నిమిషం వింటేనే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ మొదటి నిమిషం పెట్టండి. మొదటి భాగం పేరు పాస్టొరాల్. హార్ప్ కొద్ది స్వరాలతో పైకి ఎక్కుతుంది. ఆ చివరి స్వరం ఇంకా చెవిలో ఉండగానే ఫ్లూట్ దాన్ని అందిపుచ్చుకుని, తొందర లేకుండా చిన్న రాగాలాపనలా సాగి, ఒక స్వరం మీద నిలబడుతుంది. ఆ నిలిచిన స్వరం కిందనే వయోలా వచ్చేస్తుంది. ఫ్లూట్ ఆగిందని మీకు తెలిసేసరికి స్వరం అప్పటికే వయోలా చేతిలో ఉంటుంది. రంగు మారింది, స్వరం మారలేదు. ఈ ఒక్క చోటు పట్టుకోగలిగితే ఈ పాఠంలో సగం వచ్చినట్లే.

దీన్ని మూడుసార్లు వినాలి. మొదటిసారి హార్ప్ ఒక్కటే, తీగ మీటినట్లు వినిపించినప్పుడల్లా వేలు ఎత్తండి. రెండోసారి వయోలా, అది వచ్చిందనిపించిన క్షణం సెకన్లతో సహా రాసుకోండి. మూడోసారి ఏమీ రాయకుండా, ఎవరినీ వెంటాడకుండా వినండి. చాలామందికి రెండోసారి రాసిన సమయం నిజంగా వయోలా వచ్చిన దానికంటే వెనక పడుతుంది. అలా పడితే టెన్షన్ వద్దు, డెబుస్సీ రాసింది అలా వినబడాలనే. మళ్లీ విని ఆ సమయాన్ని వెనక్కి జరుపుకుంటూ పోండి.

ఈ సంగీతం ఏ పరిస్థితిలో పుట్టిందో కూడా తెలిసుండాలి. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన తర్వాత కొన్ని నెలలు డెబుస్సీ దాదాపు ఏమీ రాయలేకపోయారు. 1915 వేసవిలో నార్మండీ తీరంలోని పూర్విల్‌లో ఉండగా చేయి మళ్లీ సాగింది. రకరకాల వాద్యాలకు ఆరు సొనాటాలు రాయాలని తలపెట్టారు. పూర్తయినవి మూడే, ఇది రెండోది. వాటి మీద తన పేరు కింద 'ఫ్రెంచ్ సంగీతకారుడు' అని రాసుకున్నారు. అప్పటికే క్యాన్సర్ ఉంది, ఆ ఏడాది డిసెంబర్‌లో ఆపరేషన్ జరిగింది, 1918 మార్చిలో చనిపోయారు. ఈ సొనాటా ఎంతో విషాదంగా ఉందని, దానికి నవ్వాలో ఏడవాలో తెలియడం లేదని ఆయన ఒక మిత్రుడికి రాశారు. వింటే ఆ మాట నిజమే అనిపిస్తుంది.

ఒక చిన్న సంగతి. వీణ వాయించే హజ్రత్ ఇనాయత్ ఖాన్ బరోడాలో పుట్టి, నిజాం కాలపు హైదరాబాద్‌లో కొంతకాలం గడిపి, తర్వాత పశ్చిమ దేశాలకు వెళ్లారు. యుద్ధానికి ముందు పారిస్‌లో డెబుస్సీని కలిశారు. ఈ సొనాటాకు మూలం అదేనని నేననను, అనకూడదు కూడా. కానీ వీణ తీగ మీద స్వరం ఎలా సన్నగిల్లుతుందో తెలిసిన మనకు ఆ ఇద్దరి పరిచయం గురించి తెలియడం బాగుంటుంది.

రెండో భాగం ఇంటర్‌ల్యూడ్, మినుయెట్ నడక. అంటే మూడు లెక్కల తాళం, పాత ఫ్రెంచ్ దర్బారు నాట్యం గుర్తుకొస్తుంది. మూడోది వేగంగా, పట్టుదలగా సాగుతుంది, చివరికొచ్చేసరికి పాస్టొరాల్ ఒకసారి తొంగిచూస్తుంది. ఈ రెండూ ఈ వారం మామూలుగా వింటే చాలు.

వీడియో దొరికితే హార్ప్ వాయించేవారి కాళ్లు తప్పకుండా చూడండి. 47 తీగలున్నా, ఏ స్వరాన్ని కోమలం చేయాలన్నా తీవ్రం చేయాలన్నా పని కాలిదే. ఏడు స్వరాలకు ఏడు పెడల్స్, ఒక్కోదానికి మూడు మెట్లు. చేతులు వాయిస్తుండగానే పాదాలు తర్వాతి స్వరాలను సిద్ధం చేస్తుంటాయి. మధ్యలో ఎర్ర తీగలు కనిపిస్తే అవి పాశ్చాత్య స్వరాల్లో సి, నల్లవి ఎఫ్. చిటికెన వేలు అసలు వాడరు. అలాగే ముగ్గురి చూపులూ గమనించండి. తాళం చూపే కండక్టర్ లేరు కాబట్టి ఫ్లూట్ ఊపిరి తీసుకునే తీరు, వయోలా కమాను పైకి లేచే తీరే వాళ్లకు సైగలు.

ఈ మూడు వాద్యాల కలయిక డెబుస్సీతో ఆగలేదు. ఆ తర్వాతి ఏడాదే ఇంగ్లండ్‌లో ఆర్నల్డ్ బాక్స్ ఇవే మూడింటికి ఎలిజియాక్ ట్రియో రాశారు. జపాన్‌కు చెందిన తోరు తకెమిత్సు 1992లో రాసిన రచన డెబుస్సీ సొనాటాను సూటిగా తలచుకునేదే. రావెల్ పియానోకు రాసిన సొనాటినాను హార్ప్ విద్వాంసుడు కార్లోస్ సల్జేడో ముగ్గురికి సర్దారు. ఇవన్నీ కలిపితే ఒక సాయంత్రానికి సరిపడా కచేరీ. నా దృష్టిలో డెబుస్సీ తర్వాత వెంటనే తకెమిత్సు వినాలి. బాక్స్ రచన నిండుగా, ఎడతెగకుండా పారుతుంది, దాన్ని మధ్యలో పెడితే తకెమిత్సు వదిలే ఖాళీలు చెవికి అందవు.

వచ్చే పాఠం ఆ ఖాళీల గురించే. అప్పటికి పాస్టొరాల్ మొత్తంలో స్వరం చేతులు మారే చోట్లు కనీసం ఐదు గుర్తించి, ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో, ఎన్నో నిమిషం ఎన్నో సెకను దగ్గరో నోట్‌బుక్‌లో రాసి ఉంచండి. ఆ లెక్కతోనే 6వ పాఠం మొదలుపెడతాం.