ఇంటి జీవాల గోళ్ల సంరక్షణ – నాలుగో పాఠం: పుంజు కాలి ముల్లు

కుక్క, పిల్లి గోళ్లు అయిపోయాయి. ఈసారి కోడిపుంజు. కుక్క గోరు దగ్గర నేర్చుకున్నది ఇక్కడ సగమే పనికొస్తుంది.

నరసన్నపేట నుంచి ఒకప్ప అడిగారు: “పెట్టల వీపు మీద ఈకలు ఊడిపోతున్నాయి, గాట్లు కూడా పడుతున్నాయి. పుంజుని కూరకి ఇచ్చేయమంటారా?” ముందు దాని కాళ్లు చూడండప్పా. కాలి వెనక, లోపలి పక్కన ఉండే ముల్లు మొన తేలితే, పుంజు పెట్ట మీదకి ఎక్కినప్పుడు చీరేస్తుంది.

ఈ ముల్లు గోరు కాదు. లోపల ఉన్నది కాలి ఎముకకి అతుక్కుని పెరిగే ఎముకే. పైన కొమ్ములాంటి తొడుగు. లోపల రక్తం ఉంటుంది, నొప్పి తెలుస్తుంది. కుక్క గోరు తరచూ తీస్తుంటే లోపలి రక్తనాళం వెనక్కి తగ్గుతుంది. ఎముక అలా తగ్గదు. కాబట్టి మొదలంటా కోసేస్తే పీడా పోతుందనుకోకండి.

మరి గోళ్లలాగా అదే అరగదా? అరగదు. చీపురుపల్లి, బొబ్బిలి వైపు పెరళ్లలో కోళ్లు పొద్దస్తమానం నేల గీకుతాయి, గోళ్లు వాటంతటవే అరుగుతాయి. ముల్లు నేలకి తగలదుగా! ఇక టౌన్లో మేడ మీద గూట్లో పెంచేవాళ్లు ముల్లుతో పాటు గోళ్లు కూడా చూసుకోవాలి.

పని రాత్రిపూట పెట్టుకోండి. చీకట్లో పుంజు గొడవ చేయదు. పాత తువ్వాలు చుట్టి, కళ్లు కప్పి, ఇంకొకరిని ఒళ్లో పట్టుకోమనండి. రొమ్ము గట్టిగా నొక్కొద్దు: కోడికి ఊపిరాడాలంటే రొమ్ము ఎముక కదలాలి, అదిమితే ఊపిరాడక చచ్చిపోతుంది కూడా. కాలు కదలకుండా పట్టుకుని, సన్న ఆకురాయితో కొన మాత్రమే రాయండి. నాలుగు రాపిడులు, ఆగి వేలితో తడమండి. గుచ్చుకోకుండా గుండ్రంగా తగిలితే చాలు, పొట్టిగా చేయాలని చూడొద్దు. రాస్తుంటే పొడి తెల్లగా రాలుతుంది. తడి తగిలినా, ఎర్రటి చుక్క కనిపించినా అక్కడితో ఆపేయండి.

రక్తం వస్తే టెన్షన్ పడొద్దు. పటిక పొడి గానీ కార్న్‌ఫ్లోర్ గానీ అద్ది, దూదితో రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టండి. ఆరేదాకా మిగతా కోళ్లలో వదలొద్దు, రక్తం కనబడితే అన్నీ చేరి పొడుస్తాయి.

ముల్లుకి వేడి బంగాళాదుంప గుచ్చి, తొడుగు మెత్తబడ్డాక తిప్పి ఊడదీసే వీడియోలు మీరూ చూసే ఉంటారు. పచ్చి ఎముక బయటపడుతుంది. నాకైతే ఇష్టం లేదు, మీకూ వద్దంటాను.

సంక్రాంతికి కత్తి కట్టేవాళ్ల కోసం కాదు ఈ పాఠం. కోళ్లకి పందెం పెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం.

ఈ వారం ఆకురాయి ముట్టుకోకండి. రాత్రిపూట పుంజుని ఒళ్లో పెట్టుకుని కాళ్లు తడమడం అలవాటు చేయండి, చాలు. ముల్లు వంకర తిరిగి కొన కాలికి ఆనుతుంటే మాత్రం వారం ఆగొద్దు, పశువుల డాక్టరుకి చూపించండి. వచ్చే పాఠం మేక గిట్టలు.